గుర్రాలకు గడ్డి ఎవరు కోశారు? – ఫోర్ట్ లీ చరిత్ర మీద ఒక ప్రసంగం

(సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కుర్చీల దాకా వినిపిస్తోందా? సరే, అయితే మొదలుపెడతాను.

ముందు ఒక లెక్క. భయపడకండి, అందరం చిన్నప్పుడు విన్న లెక్కే. కురుక్షేత్రంలో మొత్తం ఎన్ని అక్షౌహిణులు? పద్దెనిమిది. పాండవులవి ఏడు, కౌరవులవి పదకొండు. ఒక్కో అక్షౌహిణికి 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 మంది కాల్బలం. మిగతావి వదిలేసి గుర్రాలనే పట్టుకుందాం. 65,610ని పద్దెనిమిదితో హెచ్చవేయండి. దగ్గర దగ్గర పన్నెండు లక్షలు! రథాలకు కట్టినవి మళ్లీ వేరే. ఇప్పుడు చెప్పండి, ఆ గుర్రాలకు గడ్డి ఎవరు కోశారు? ఎక్కణ్ణుంచి తెచ్చారు? ఏ బండ్ల మీద తెచ్చారు? ఆ బండ్ల ఎడ్లకు మేత ఎవరు వేశారు?

ఎవరికీ తెలియదు. భీష్ముడు ఏ రోజు ఎంతమందిని పడగొట్టాడో చెబుతాం. ద్రోణుడు ఏ వ్యూహం పన్నాడో చెబుతాం. సైన్యాలకు ఉడుపి రాజు వండిపెట్టాడని ఒక జానపద కథ ఉంది, అది మంచి కథ. కానీ గడ్డి సంగతి ఆ కథలో కూడా లేదు.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ గడ్డి గురించే. ఆ గడ్డి పని నేర్పడానికే ఒక ఊరంత స్థలం కేటాయించుకున్న సైన్యం గురించి. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం, ప్రిన్స్ జార్జ్ కౌంటీ, పీటర్స్‌బర్గ్ పట్నం పక్కన ఫోర్ట్ లీ అని ఒక సైనిక స్థావరం ఉంది. సైన్యంలో చేరినవాడు తుపాకీ పట్టడం, కవాతు చేయడం వేరేచోట నేర్చుకుని ఇక్కడికి వస్తాడు. ఇక్కడ ఏం నేర్పుతారంటే, వెయ్యిమందికి వండటం నేర్పుతారు. మురికినీళ్లను తాగేనీళ్లు చేయడం నేర్పుతారు. డీజిల్ నిలవచేయడం, లారీ బాగుచేయడం, మందుగుండు భద్రపరచడం, పారాచూట్ మడత పెట్టడం, చనిపోయినవారి దేహాలను గుర్తించి గౌరవంగా ఇంటికి చేర్చడం, ఇవన్నీ నేర్పుతారు. యుద్ధం సినిమాలో ఇవి ఎప్పుడైనా చూశారా? చూడరు. ఎవరు తీస్తారండీ!

ఆ నేల ముందు ఏం చూసిందో

స్థావరం పుట్టింది 1917లో. కానీ నేను 1864 నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే ఆ నేలకు ఈ పని అంతకుముందే తెలుసు. అమెరికా అంతర్యుద్ధం. ఉత్తరాది సేనలకు నాయకుడు గ్రాంట్. బానిసత్వం నిలుపుకోవాలని దేశం నుంచి విడిపోయిన దక్షిణాది సేనలకు, అంటే కాన్ఫెడరేట్లకు, రాబర్ట్ ఇ. లీ. దక్షిణాది రాజధాని రిచ్‌మండ్. రిచ్‌మండ్‌కు తిండి వచ్చే రైలు మార్గాలు చాలావరకు పీటర్స్‌బర్గ్ మీదుగానే పోతాయి. అందుకని గ్రాంట్ 1864 జూన్‌లో పీటర్స్‌బర్గ్ ముందు దిగాడు. తొమ్మిది నెలలు దాటిపోయింది. ఇటు కందకాలు, అటు కందకాలు.

లక్షమంది తొమ్మిది నెలలు ఒకేచోట కూర్చుంటే ఏం తింటారు? గ్రాంట్ జేమ్స్ నది ఒడ్డున సిటీ పాయింట్ అనే చిన్న రేవు పట్టుకున్నాడు. ఇప్పుడది హోప్‌వెల్ పట్నంలో కలిసిపోయింది. ఆ చిన్న రేవు కొద్ది వారాల్లో ప్రపంచంలోకెల్లా రద్దీ రేవుల్లో ఒకటైంది. అక్కడి బేకరీ రోజుకు లక్ష రేషన్ల బ్రెడ్డు కాల్చేది. ఏ రోజు చూసినా 90 లక్షల భోజనాలకు సరిపడా సరుకు, 12 వేల టన్నుల ఎండుగడ్డి, ఓట్లు నిలవ ఉండేవి. ఎందుకంత గడ్డి? మేపాల్సిన గుర్రాలు, కంచరగాడిదలు సుమారు 65 వేలు. ఇందాకటి అంకె గుర్తుందా? 65,610. అచ్చం ఒక అక్షౌహిణి గుర్రాలండీ! వ్యాసుడు చెప్పకుండా వదిలేసిన లెక్క ఇక్కడ గిడ్డంగి పుస్తకంలో దొరికింది.

రేవు నుంచి కందకాల దాకా సరుకు ఎలా వెళ్లాలి? వానపడితే వర్జీనియా మట్టిలో బండి చక్రం ఇరుసు దాకా దిగిపోతుంది. అందుకని పట్టాలు వేశారు. నేల చదును చేసేంత తీరిక లేదు, గుట్ట వస్తే ఎక్కించారు, పల్లం వస్తే దించారు. రైలు ఎగుడుదిగుడుగా ఊగుతూ పోయేది, కానీ పోయేది! అదండీ ముఖ్యం. ఆ పట్టాలు ఈనాటి ఫోర్ట్ లీ ఉన్న నేల మీదుగానే వెళ్లాయి.

అదే సమయంలో అవతలి కందకంలో ఏం జరుగుతోంది? ఆకలి. గ్రాంట్ ఒక్కో రైలు మార్గాన్నీ కోసుకుంటూ వస్తున్నాడు. ఆగస్టులో వెల్డన్ మార్గం పోయింది. సెప్టెంబరులో లీ గుర్రపుదళం నాయకుడు వేడ్ హాంప్టన్ ఒక సాహసం చేశాడు. ఉత్తరాది సేనల వెనకవైపుకు చుట్టూ తిరిగి వెళ్లి దాడిచేశాడు. దేనికోసం? ఫిరంగుల కోసమా? కాదు, పశువుల కోసం. రెండువేల నాలుగువందలకు పైగా పశువులను తోలుకుపోయాడు. మన ఉత్తర గోగ్రహణమే అనుకోండి, కాకపోతే అర్జునుడు అడ్డురాలేదు. ఆ మాంసం ఎన్నాళ్లొస్తుంది? అయిపోయింది. మళ్లీ ఆకలే.

1865 ఏప్రిల్ 2న చివరి మార్గం, సౌత్‌సైడ్ రైల్‌రోడ్, తెగింది. ఆ రాత్రే లీ పీటర్స్‌బర్గ్ వదిలి పడమటికి బయల్దేరాడు. అమీలియా కోర్ట్‌హౌస్ అనే ఊళ్లో తన సైన్యానికి రేషన్లు సిద్ధంగా ఉంటాయని ఆశ. ఏప్రిల్ 4న చేరాడు. మందుగుండు ఉంది, తిండి లేదు. చుట్టుపక్కల పల్లెల్లో అడుక్కోవడానికి బండ్లు పంపి ఒక రోజు పోగొట్టుకున్నాడు. ఆ ఒక్కరోజుతో గ్రాంట్ సేనలు అందుకున్నాయి. 9న అపొమాటక్స్‌లో లొంగిపోయాడు. లొంగిపోయిన తర్వాత గ్రాంట్ చేసిన మొదటి పనుల్లో ఒకటి, అవతలి సైనికులకు 25 వేల రేషన్లు ఇప్పించడం.

ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే యాభై రెండేళ్ల తర్వాత అదే నేల మీద స్థావరం కట్టి, దానికి ఎవరి పేరు పెట్టారు? రాబర్ట్ ఇ. లీ పేరు! ఆ తర్వాత అక్కడ సరఫరా పాఠశాల వచ్చింది. తిండి అందక లొంగిపోయిన సేనాపతి పేరు మీద, తిండి అందించడం నేర్పే బడి. దీన్ని ఎవరూ వేళాకోళానికి పెట్టలేదు, ఆనాటి దక్షిణాది రాజకీయం అలా ఉంది. కానీ నాకు మాత్రం నవ్వు ఆగదు.

రెండుసార్లు కట్టిన ఊరు

ఇప్పుడు కాస్త వేగంగా వెళ్తాను. 1917 ఏప్రిల్‌లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది. జూన్‌లో ఇక్కడ పని మొదలైంది. మొక్కజొన్న చేలు, వేరుశెనగ చేలు, చెట్లు. కొద్ది నెలల్లో అరవై వేలమందికి వసతి లేచింది. 80వ డివిజన్ ఇక్కడే తయారై ఫ్రాన్సు వెళ్లి మ్యూజ్-ఆర్గాన్‌లో పోరాడింది. అప్పటికి ఇది సరఫరా బడి కాదు, మామూలు సమీకరణ శిబిరం, క్యాంప్ లీ. 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చి శిబిరాన్ని కుదిపేసింది. యుద్ధం అయిపోయింది. ఆ తర్వాత ఏంచేశారు? పడగొట్టేశారు! దాదాపు అంతా పీకేశారు. ఆ స్థలం రాష్ట్రం చేతికెళ్లి వన్యప్రాణుల రక్షిత ప్రాంతమైంది, కొంత భాగం పీటర్స్‌బర్గ్ యుద్ధక్షేత్ర స్మారకంలో కలిసింది. లెఫ్ట్, రైట్ అంటూ కవాతు చేసినచోట జింకలు తిరిగాయి.

ఇరవై ఏళ్లు. 1940 అక్టోబరులో మళ్లీ ఉత్తర్వు: కట్టండి. అదే పేరు, అదే నేల. ఈసారి పని మాత్రం వేరు. 1941 ఫిబ్రవరిలో క్వార్టర్‌మాస్టర్ శిక్షణ కేంద్రానికి మొదటి బ్యాచ్‌లు వచ్చేసరికి ఇంకా సుత్తుల చప్పుడు ఆగలేదు. ఆ అక్టోబరులో క్వార్టర్‌మాస్టర్ పాఠశాల ఫిలడెల్ఫియా నుంచి ఇక్కడికి వచ్చేసింది. రెండు నెలలకే పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి, అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగింది.

క్వార్టర్‌మాస్టర్ అంటే ఎవరు? తిండి, బట్ట, బూటు, డేరా, పెట్రోలు, అన్నీ చూసేవాడు. ఆ శాఖ అమెరికా స్వాతంత్ర్య ప్రకటన కంటే ముందే, 1775 జూన్ 16న పుట్టింది. దేశం పుట్టకముందే గుమస్తా పుట్టాడన్నమాట. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మూడు లక్షలమందికి పైగా క్వార్టర్‌మాస్టర్ సైనికులు క్యాంప్ లీలో తయారయ్యారు. ఒక దశలో శిబిరం జనాభా చూస్తే నార్ఫోక్, రిచ్‌మండ్‌ల తర్వాత వర్జీనియాలో మూడో పెద్ద నగరంతో సమానం. అందులో రొట్టె కాల్చేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు, బూట్లు కుట్టేవాళ్లు ఉన్నారు. బూట్లు కుట్టేవాడికి కూడా సైనిక శిక్షణా అని మీరు అడగొచ్చు. తడిబూటుతో మంచులో నిలబడితే కాలివేళ్లు కుళ్లిపోతాయండీ. ఒక జత బూట్లు సమయానికి చేరకపోతే ఒక సైనికుడు పోయినట్టే, తూటా తగలక్కర్లేదు.

యుద్ధం అయ్యాక ఈసారి పడగొట్టలేదు. 1950 ఏప్రిల్ 15న క్యాంప్ లీ కాస్తా ఫోర్ట్ లీ అయింది. సైన్యం భాషలో క్యాంప్ అంటే తాత్కాలికం, ఫోర్ట్ అంటే ఇక కదలదు. 1948 నుంచి 1954 దాకా ఉమెన్స్ ఆర్మీ కోర్ శిక్షణ కేంద్రం కూడా ఇక్కడే. ఆ సంగతి వల్లే ఈనాడు సైన్యంలోని మహిళల చరిత్ర చెప్పే మ్యూజియం ఫోర్ట్ లీలో ఉంది.

ఇప్పుడు పారాచూట్ దగ్గరికి వద్దాం. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే నాకు ఇష్టమైన భాగం ఇది. 1950 డిసెంబరు, కొరియా. చోసిన్ జలాశయం దగ్గర అమెరికన్ మెరైన్లు చైనా సేనల మధ్య చిక్కుకున్నారు. ఎముకలు కొరికే చలి. వెనక్కి రావడానికి ఒకటే కొండదారి. ఆ దారిలో ఫుంచిలిన్ కనుమ దగ్గర వంతెన పేల్చేశారు. కింద లోయ, పక్కన కొండ, వేరే దారి లేదు. ఏం చేస్తారు? వంతెనను ఆకాశంలోంచి దించారు! ఉక్కు వంతెన భాగాలు ఎనిమిది, ఒక్కోటి టన్నుకు పైనే బరువు, పెద్ద పారాచూట్లు కట్టి విమానాల్లోంచి వదిలారు. ముందు ప్రయోగంగా చిన్న పారాచూట్లతో ఒకటి వదిలి చూస్తే నేలకు కొట్టుకుని పాడైపోయింది. అప్పుడు పెద్దవి తెప్పించారు. వదిలిన ఎనిమిదింటిలో ఒకటి చైనావాళ్ల చేతికి చిక్కింది, ఒకటి దెబ్బతింది. మిగిలినవి చాలు. వంతెన లేచింది, వేలమంది దాటి వచ్చారు. ఆ పారాచూట్లు మడిచినవాళ్లు, తాళ్లు కట్టినవాళ్లు సైన్యం రిగ్గర్లు.

ఆ రిగ్గర్లకు శిక్షణ ఇచ్చే బాధ్యత సరిగ్గా ఆ రోజుల్లోనే పదాతిదళం బడి నుంచి ఫోర్ట్ లీకి మారింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా అక్కడే. ఒకసారి ఆ హాలు ఊహించండి. బారుగా పొడవాటి బల్లలు. బల్ల మీద పారాచూట్ గుడ్డ నిడుపుగా లాగి పరిచి ఉంటుంది. మడత మీద మడత పడుతుంది. తాళ్లు మెలిపడకుండా సర్ది రబ్బరు బ్యాండ్లతో బిగిస్తారు. మధ్యమధ్యలో ఆగాలి. తనిఖీ చేసేవాడు వచ్చి చూసి సరే అన్నాకే తర్వాతి మడత. చివర్లో పనిముట్లు లెక్కపెట్టాలి. ఒకటి తగ్గిందంటే అది సంచీ లోపల ఉండిపోయి ఉండొచ్చు, అప్పుడు మళ్లీ విప్పాల్సిందే. ప్రతి పారాచూట్‌కీ ఒక చిన్న రికార్డు పుస్తకం ఉంటుంది, ఎవరు మడిచారు, ఎవరు చూశారు, సంతకాలతో సహా. ఇంకో సంగతి. రిగ్గరు తప్పనిసరిగా దూకడం వచ్చినవాడై ఉండాలి. తాను మడిచిన ఏ పారాచూట్‌తోనైనా దూకమంటే దూకాలి. వాళ్లు చేసే ప్రమాణంలో ప్రధానమైన మాట, ‘నేను ఎప్పుడూ రూఢి చేసుకుంటాను’ అని. మనం రోజూ ఎన్ని కాగితాల మీద చూడకుండా సంతకం పెడతామో ఒక్కసారి తలుచుకోండి! ముందు వరసలో నవ్వుతున్నవాళ్లు ఎక్కువే ఉన్నారు.

తర్వాతి కాలం టూకీగా. 1973లో లాజిస్టిక్స్ సెంటర్, 1990లో మొత్తం సరఫరా శాఖల శిక్షణను, సిద్ధాంతాన్ని చూసే కమాండ్, కాస్కామ్ అంటారు, ఇక్కడ ఏర్పడ్డాయి. 2005లో అమెరికా తన స్థావరాలను కుదించి సర్దుబాటు చేసింది. ఆ సర్దుబాటులో ఆయుధాల మరమ్మతు, మందుగుండు చూసే ఆర్డ్‌నెన్స్ శాఖ బడి మేరీలాండ్‌లోని అబర్డీన్ నుంచి, అలబామాలోని రెడ్‌స్టోన్ నుంచి ఇక్కడికి వచ్చింది. రవాణా శాఖ బడి ఫోర్ట్ యూస్టిస్ నుంచి వచ్చింది. 2009లో ఆర్మీ లాజిస్టిక్స్ యూనివర్సిటీ మొదలైంది, వేరే దేశాల అధికారులు కూడా అక్కడికి చదువుకోవడానికి వస్తారు. ఇదివరకు సరుకువాడు ఒకచోట, లారీవాడు ఒకచోట, మెకానిక్కు ఇంకొకచోట నేర్చుకునేవారు. యుద్ధరంగంలో ముగ్గురూ ఒకే రోడ్డు మీద కలుస్తారు కదా. బడిలోనే కలవడం మంచిదని అప్పుడు తోచింది. ఇంత చిన్న సంగతికి ఇన్నేళ్లు పట్టింది.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. ఈ పనులన్నీ ఎవరికి అప్పగించారు? చరిత్ర చూడండి. పరువు తక్కువ పని అనుకున్నారు, అందుకని తక్కువగా చూసినవాళ్లకు ఇచ్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో నల్లజాతి సైనికుల్లో ఎక్కువమందిని తుపాకీ దగ్గరికి రానివ్వకుండా సరఫరా, రవాణా పనుల్లో పెట్టారు. 1944 ఆగస్టు 25 నుంచి నవంబరు 16 దాకా ఫ్రాన్సులో రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్ నడిచింది, ముందుకు దూసుకెళ్తున్న సేనలకు పగలూ రాత్రీ పెట్రోలు, తిండి, గుండ్లు మోసిన లారీల వరస. డ్రైవర్లలో నూటికి డెబ్బై అయిదుగురు నల్లవాళ్లు. వాళ్లు ఆగితే ట్యాంకులు ఆగుతాయి. అంత బరువైన పనిని చిన్నపనిగా లెక్కగట్టి ఇచ్చారు. ఇచ్చినవాళ్లకు యుద్ధం ఏమిటో తెలియదనే నేనంటాను.

ఇద్దరి గురించి చెప్పాలి. ఒకరు ఛారిటీ ఆడమ్స్. 1945 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌కు 6888వ పోస్టల్ బెటాలియన్‌తో వచ్చింది. 855 మంది, అందరూ మహిళలే, దాదాపు అందరూ నల్లజాతివాళ్లే. అప్పుడామె మేజర్. అక్కడ విమానాల షెడ్ల నిండా, కప్పు దాకా, బట్వాడా కాని ఉత్తరాలు, పార్శిళ్లు. ఇంటి నుంచి పంపిన కేకుల పొట్లాలను ఎలుకలు కొరికేస్తున్నాయి. బాంబుల భయానికి కిటికీలకు నల్లరంగు. కొన్ని ఉత్తరాల మీద చిరునామా ఏమిటో తెలుసా? ‘జూనియర్, అమెరికా సైన్యం’. అంతే! ఏ జూనియర్? ఒక్క రాబర్ట్ స్మిత్ అనే పేరుతోనే 7,500 మంది ఉన్నారు. వీళ్లు సైనికుల నంబర్లతో 70 లక్షల కార్డులు తయారుచేసి, మూడు షిఫ్టుల్లో, షిఫ్టుకు 65 వేల చొప్పున ఉత్తరాలు దాటించారు. ఆరు నెలలు ఇచ్చారు. మూడు నెలల్లో అయిపోయింది.

ఒకసారి ఒక జనరల్ తనిఖీకి వచ్చాడు. షిఫ్టులో ఉన్నవాళ్లు, నిద్రపోతున్నవాళ్లు వరసలో నిలబడి కనిపించలేదని మండిపడ్డాడు. ఈ దళాన్ని ఎలా నడపాలో నీకు చూపించడానికి ఒక తెల్ల లెఫ్టినెంటును పంపుతానన్నాడు. ఆమె ఏమంది? ‘నా శవం మీదుగా, సార్’. కోర్టు మార్షల్ అన్నారు, తర్వాత ఆ మాటే ఎత్తలేదు. ఎత్తితే ఉత్తరాలెవరు పంచుతారు?

రెండోవారు ఆర్థర్ గ్రెగ్. 1946లో మామూలు సిపాయిగా చేరాడు. 1950లో అధికారి అయ్యాడు. ఫోర్ట్ లీలో పనిచేసే రోజుల్లో అక్కడి ఆఫీసర్స్ క్లబ్బులోకి నల్లవాడని రానివ్వలేదు. సైన్యంలో వర్ణభేదం పోవాలని అధ్యక్షుడు ట్రూమన్ 1948లోనే ఉత్తర్వు ఇచ్చాడు, అయినా సరే! అదే మనిషి సరఫరా శాఖలోనే మెట్టు మెట్టు ఎక్కి లెఫ్టినెంట్ జనరల్ అయ్యాడు. 1981లో పదవీ విరమణ వేడుక అదే క్లబ్బులో చేయించుకున్నాడు. 2023 ఏప్రిల్ 27న ఆ స్థావరానికే ఫోర్ట్ గ్రెగ్-ఆడమ్స్ అని పేరు మార్చారు. ఆయనకు అప్పటికి 94 ఏళ్లు. స్వయంగా వచ్చి కూర్చున్నాడు. బతికుండగా తన పేరును సైనిక స్థావరం గేటు మీద చూసుకున్నవాళ్లు ఈ కాలంలో ఇంకెవరూ లేరు. 2024 ఆగస్టులో పోయారు.

కథ అక్కడితో ఆగలేదు. 2025 జూన్‌లో మళ్లీ మార్పు. ఫోర్ట్ లీ అనే పేరే తిరిగి వచ్చింది. అయితే కాన్ఫెడరేట్ల పేర్లు పెట్టడానికి చట్టం ఒప్పుకోదు. అందుకని ఇంకో లీని వెతికి పట్టుకున్నారు. ప్రైవేట్ ఫిట్జ్ లీ, వర్జీనియాలోనే పుట్టినవాడు, పదో అశ్వదళంలో నల్లజాతి సైనికుడు. స్పెయిన్‌తో జరిగిన యుద్ధంలో, 1898 జూన్ 30న క్యూబాలో టయకోబా దగ్గర శత్రువు తుపాకుల ముందు ఒడ్డున చిక్కుకుపోయిన గాయపడ్డవాళ్లను తీసుకురావడానికి వెళ్లిన నలుగురిలో ఒకడు. అంతకుముందు చేసిన ప్రయత్నాలన్నీ విఫలమయ్యాక వెళ్లారు, తెచ్చారు. అమెరికా సైన్యంలో అన్నిటికంటే పెద్ద సాహస పతకం, మెడల్ ఆఫ్ ఆనర్, వచ్చింది. జబ్బుతో చూపు పోయి, 1899లోనే కన్నుమూశాడు.

గొప్పవాడే, అందులో రెండో మాట లేదు. ఆయన్ను అందరూ మరిచిపోయారు, ఇప్పుడు గుర్తొచ్చాడంటే సంతోషమే. కానీ నా అభిప్రాయం అడిగితే, ఆయన పని సరఫరా కాదు. గ్రెగ్-ఆడమ్స్ అనే బోర్డు చూస్తే లోపల జరిగే పని ఏమిటో తెలిసేది. ఒకరు సరుకు పంపినవాడు, ఒకరు ఉత్తరం పంపినామె. ఆ ఒక్క స్థావరానికైనా ఆ పని చేసినవాళ్ల పేరు ఉండాల్సింది. మీలో కొందరు ఒప్పుకోకపోవచ్చు, ఫరవాలేదు, ఇప్పుడే వాదించుకుందాం.

టైమ్ అయిపోయిందని అధ్యక్షులవారు సైగ చేస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి. రేషన్ల గురించి అడగండి, వంతెన గురించి అడగండి. ట్యాంకుల గురించి అడిగితే మాత్రం దానికి పెట్రోలు ఎవరు పోశారన్నదే చెబుతాను.